తక్కువ ప్రమాదమని రాసిన పేరు

మా పక్కింటి హెడ్ కానిస్టేబులక్క పోయిందని పొద్దున్నే ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. గుండెపోటట. "మా ఊరు ఆళ్లగడ్డలోనే పూడుస్తాండాం. మా అక్కకు నువ్వంటే పానం గదమ్మా, రా" అన్నాడు. రెండేళ్లుగా మా మధ్య మాటల్లేవని అతనికి తెలియదు.

నంద్యాలలో మా రెండిళ్లకూ గోడ ఒకటే. నా భర్త చనిపోయిన ఏడాది, ఆమె డ్యూటీ దిగి యూనిఫాంలోనే మా వంటింట్లోకి వచ్చి "తింటివా?" అని అడిగేది. లేదంటే తన గిన్నె తెచ్చి ముందు పెట్టేది. మా పాపకు సైకిల్ నేర్పింది కూడా ఆమే.

పాపను లెక్కల ట్యూషన్‌లో చేర్చిన రోజు గేటు దగ్గర ఆపింది.

"యాడికి పంపిస్తాండావ్ అమ్మీ?"

ఆళ్లగడ్డ నుంచి కొత్తగా వచ్చిన సార్ దగ్గరికన్నాను. గేటు గడియ సర్దింది. "బాగా చెప్తాడంటలే" అని లోపలికి వెళ్లిపోయింది.

మూడో నెలలో పాప ఏడ్చింది. "సార్ ఫోన్లో పాడు బొమ్మలు చూపిస్తాండాడు. నేను పోనమ్మా."

అక్క దగ్గరికే పరుగెత్తాను. విని ఆమె ఆశ్చర్యపోలేదు. నన్ను కాల్చింది అదే.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఆడపిల్లలకు పాడు మెసేజీలు పెట్టి శిక్షపడినోడు. అట్లాటోళ్ల లిస్టు మా దగ్గరుంటాది. మనిషిని ముట్టలేదని ఆయప్పకు తక్కువ ప్రమాదం అని రాసినారు. ఆ పేర్లు బయట చెప్పకూడదమ్మీ."

"నీ కూతురైతే?"

తల వంచుకుంది. "ఆ రాసింది నమ్మినా" అంది.

కేసులో చివరిదాకా మాతో నిలబడింది మాత్రం ఆమే. మామూలు చీరలో వచ్చి, పాప వాంగ్మూలం ఇచ్చినంతసేపూ పక్కనే కూర్చుంది. "నీ తప్పేం లేదు తల్లీ, నిదానంగా చెప్పు" అంది. సార్‌కు మళ్లీ శిక్ష పడింది. అతని పేరును ఎక్కువ ప్రమాదంలోకి మార్చారని అక్క చెప్పడానికి వస్తే, "దానికి నా బిడ్డే కావల్సొచ్చిందా?" అని తలుపేసుకున్నాను. ఆ తర్వాత గోడ అవతల ఆమె దగ్గు వినిపించేది. నేను పలకరించలేదు.

చెడ్డమనిషి ద్రోహం చేస్తే తిట్టి మర్చిపోవచ్చు. నాకు అన్నం పెట్టిన చేయి అది. ఏం చేయమంటారు?

ఆళ్లగడ్డ శ్మశానంలో పాస్టరు ప్రార్థన ముగించగానే పాప అందరితోపాటు మట్టి వేసి, ఏడ్చుకుంటూ వచ్చి నా కొంగు పట్టుకుంది. నేనూ గుప్పెడు మట్టి తీసుకున్నాను. వేయలేకపోయాను. నంద్యాల బస్సు వచ్చేసరికి కూడా అది నా గుప్పిట్లోనే ఉంది, చెమటకు తడిసి, ముద్దయిపోయి.