నేను రాసిన అక్క అనుభవం

పదకొండేళ్లు నేను మహిమలు రాశాను. చేయలేదు, రాశాను. రెంటికీ తేడా ఉందని అప్పట్లో నాకు తట్టలేదు.

మాది చిక్కడపల్లి. నాన్న పోయాక పక్కింటావిడ అమ్మని దోమలగూడలో ఒక మండలికి తీసుకెళ్లింది. గురువారం భజన, ఆదివారం ప్రవచనం, ఆపైన పులిహోర. ఏడుస్తూ వెళ్లిన మనిషి కళ్లు తుడుచుకుని వచ్చింది కాబట్టి అక్కా నేనూ కూడా వెంట వెళ్లడం మొదలుపెట్టాం. అక్క నాకన్నా నాలుగేళ్లు పెద్ద. నేను అప్పటికి డిగ్రీ రెండుసార్లు తప్పి, ఏ షాపులోనూ మూడు నెలలు నిలవక, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. నా దస్తూరీ బాగుందని మండలి పెద్దాయన నన్ను వాళ్ల మాసపత్రికలో పనికి పెట్టారు. ఆయన ఏదో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన కోస్తా మనిషి. తెల్ల పంచె, మెత్తటి మాట. గురువుగారు ఎక్కడో ఆశ్రమంలో ఉండేవారు. ఇక్కడ మాకు గురువైనా పోలీసైనా ఈయనే.

పత్రిక గది నారాయణగూడలో, ఒక బైండింగ్ షాపు మీద. నా పని 'అనుభవాలు' శీర్షిక. భక్తులు వచ్చి తమకు జరిగింది చెబుతారు, నేను రాసుకుని వరసలో పెడతాను. ముందు కష్టం రావాలి. తర్వాత డాక్టర్లో లాయర్లో చేతులెత్తేయాలి. అప్పుడు గురుకృప. ఆఖర్న కన్నీళ్లు. ఖర్మేమిటంటే జనం ఎప్పుడూ ఆ వరసలో చెప్పరు. ఒకావిడ గొలుసు పోయి, నెల తర్వాత బియ్యం డబ్బాలో దొరికింది. "కల్లో గురువుగారు కనబడ్డారా అమ్మా?" అని అడిగాను. "ఏమో నాయనా, నాకు కలలు గుర్తుండవు. కనబడే ఉంటారు" అంది. ఇంకేం, కనబడ్డారు. డబ్బా వైపు వేలు కూడా చూపించారు.

నేను రాసిందల్లా పెద్దాయన చూసి, ఆకుపచ్చ సిరాతో దిద్ది, సంతకం పెడితేనే ప్రెస్సుకి వెళ్లేది. బయటి పత్రికలకి ఉత్తరం ముక్క రాయడానికి కూడా వీల్లేదు. కలం గురువుగారిదట, నేను పట్టుకున్నానంతే. నిజం చెప్పొద్దూ, అది నాకు హాయిగానే ఉండేది. ఏం రాయాలా అని బుర్ర బద్దలుకొట్టుకోవలసిన పని లేదు.

అక్కకి పదహారో ఏట నుంచి ఫిట్స్. రెండు పూటలా గోలీలు వేసుకునేది. ఒక ఏడాది వరసగా నాలుగు నెలలు ఒక్కసారి కూడా రాలేదు. గురుపూర్ణిమ ప్రత్యేక సంచికలో రెండు పేజీలు ఖాళీ ఉన్నాయి. పెద్దాయన నన్ను పిలిచి, "ఇంట్లోనే ఇంత అనుభవం పెట్టుకుని ఊరంతా తిరుగుతావేం నాయనా?" అన్నారు.

"పూర్తిగా తగ్గలేదండీ. మందులు వాడుతోంది" అన్నాను.

"సంచిక వచ్చేసరికి తగ్గుతుంది. నమ్మకంతో రాయి."

మా దగ్గర అది మామూలే. ప్రత్యేక సంచిక ఇరవై రోజుల ముందు ప్రెస్సుకి పోవాలి, కృప మాత్రం దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. అందుకని ముందే రాసి ఉంచేవాళ్లం. భక్తులు కోర్టు కేసులు తీర్పు రాకుండానే గెలిచేవాళ్లు, పెళ్లిచూపులు కాకుండానే సంబంధాలు కుదిరేవి. తర్వాత ఆ కేసు ఓడిపోతే ఆ మనిషి నమ్మకంలో లోపం అన్నమాట. పత్రికలో తప్పు ఉండదు.

ఒక మధ్యాహ్నం కూర్చుని రాసేశాను. అక్క మందులన్నీ మానేసి విభూతి ఒక్కటే పెట్టుకుంటోందని రాశాను. ఆ రెండు పేజీల కింద, మొట్టమొదటిసారి, నా పేరు వేశారు. అమ్మ సంచికలు తెచ్చి గల్లీ అంతా పంచింది. వారం తిరక్కుండా ఆడవాళ్లు అక్కని చూడ్డానికి మా ఇంటికి రావడం మొదలైంది. నేను ముందుగదిలో పెళ్లికొడుకులా కూర్చునేవాణ్ణి.

రెండు నెలలకి అక్క గోలీలు ఆపేసిందని తెలిసింది. ఎలా తెలిసిందంటే, పూరీలు వేయిస్తూ పడిపోయింది. కాగే నూనె మూకుడు తన మీద పడి ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. అప్పుడు నేను నారాయణగూడలో ప్రూఫులు దిద్దుతున్నాను. పెద్దాయన ఆస్పత్రికి పళ్లు తీసుకుని వచ్చారు. వెళ్తూ వెళ్తూ, "అమ్మాయిని కొన్నాళ్లు పొడుగు చేతుల జాకెట్లు వేసుకోమనండి" అన్నారు. అమ్మ తలూపింది. నేను కూడా తలూపాను.

అక్క చెయ్యి కాలినందుకు నేను మండలి వదిలేయలేదు. ఇంకా ఎనిమిది నెలలు వెళ్లాను. ఆ తర్వాత చిన్న కథ ఒకటి నా అంతట నేను రాసుకుని ఒక వారపత్రికకి పంపితే, వాళ్లు వేశారు. పెద్దాయన ఆ పేజీ నా ముందు పెట్టి, "ఎవరినడిగి రాశావు?" అన్నారు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. మెట్లు దిగి వచ్చేశాను, మళ్లీ ఎక్కలేదు. నేను మానేశాక అమ్మా అక్కా కూడా మెల్లిగా మానేశారు. అమ్మ పోయి రెండేళ్లయింది.

మండలి మానేశాక రాయొద్దని నన్ను ఆపేవాడు లేడు. చిక్కడపల్లి లైబ్రరీలో, ఉద్యోగాల పరీక్షలకి చదివే పిల్లల మధ్య ఓ కుర్చీ సంపాదించి రోజూ కథలు రాసేవాణ్ణి. ఏం లాభం? ఆరో పేజీలో మనిషి మునుగుతుంటే ఏడో పేజీలో ఎవడో తాడు విసిరేవాడు. గురువుగారి స్థానంలో ఓసారి ఆటోవాలా, ఓసారి నర్సు. ఒక ఎడిటర్‌గారు కథ తిప్పి పంపుతూ, "మీ కథల్లో ఎవరికీ ఏమీ కాదేమండీ?" అని అడిగారు. ఆ మాటకి వారం రోజులు అన్నం సయించలేదు. అప్పుడు అనుకున్నాను, నిజంగా ఒకరికి ఏదో అయింది, అది రాస్తాను అని.

మూడు వారాలు పట్టింది. అక్క చెయ్యి కాలిన సంగతి, మండలి సంగతి, అన్నీ రాశాను. నా జన్మలో ఇంత నిజం రాయలేదనుకున్నాను. ఎడిటర్‌గారు చదివి వెంటనే వేస్తామన్నారు. మా అక్క ఊ అంటేనే వేయండి, కాదంటే చింపేస్తాను అని చెప్పాను. చెప్పానే గాని, కాదంటే నేనేమైపోతానో అని భయంగానే ఉంది. అది పోతే నా దగ్గర ఇంకేం లేదు.

అక్క ఇప్పుడు అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల గల్లీలో కర్రీ పాయింట్ నడుపుతోంది. రోజూ గోలీలు వేసుకుంటుంది, ఫిట్స్ రాక ఏడేళ్లయింది. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక, మూడింటికి వెళ్లి కాగితాలు చేతిలో పెట్టాను. చెయ్యి తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని చదివింది. మధ్యలో ఒకమ్మాయి వచ్చి, "అక్కా, పప్పు ఉన్నదా?" అంటే లేచి పప్పు కవర్లో పోసి, దారం చుట్టి ఇచ్చి, మళ్లీ చదువుకుంది. ఆ దారం చుట్టేంతసేపూ తను ఏ పేజీలో ఆగిందా అని నేను కాగితాల వైపే చూశాను.

"ఎట్లుందక్కా?" అన్నాను.

"మంచిగ రాసినవ్. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్." కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "కని తమ్మీ, నా చెయ్యి చూసి రెండో దినమే అందర్నీ ఇడిసిపెట్టి బయటికొచ్చిన అని రాసినవేందిరా? ఎనిమిది నెలలు పోలేదా ఆడికి? నాకు యాదిలేదనుకున్నవా?"

రాసేటప్పుడు అది అబద్ధమని నాకు తెలియనే లేదు. కష్టం తర్వాత ఏం రావాలో చెయ్యికి తెలుసు, అదే రాసుకుపోయింది. తాడు విసిరేవాడి వేషం ఈసారి నేనే కట్టాను.

"ఇంకోటి," అంది అక్క. "అమ్మ నా గోలీలు గుంజుకున్నదని రాసినవ్. పాపం, పోయినామె మీద ఎందుకు పెడతవ్? అమ్మకు తెల్వనే తెల్వదు. నేనే బంద్ చేసిన."

"విభూతిని నమ్మినవా?"

"విభూతా, నా బొందా!" అక్క నవ్వింది. "డిగ్రీ తప్పినవని, నౌకరీ లేదని చుట్టాలందరు నిన్ను తీసిపారేస్తుండె. ఏడికన్న పోవాల్నంటే గోడ చాటుకు దాగుతుంటివి. గట్లాంటోడి పేరు అచ్చుల పడ్డది. ఇంటికొచ్చినోళ్లు నిన్ను గారు పెట్టి పిలుస్తుండిరి. నేను లోపల గోలీలు మింగుతున్న అని ఎవరన్న చూస్తే ఏమంటరు? తమ్ముడు అబద్ధాలు రాసిండంటరు. నా ఒక్కదానివల్ల నీ ఇజ్జత్ పోవాల్నా?"

ఏడుపొచ్చింది. మనుషులు వస్తూ పోతూ ఉండే దుకాణంలో, కూరల గిన్నెల ముందు కూర్చుని ఏడ్చాను. అక్క మంచినీళ్ల గ్లాసు జరిపింది. చీర కొంగు కిందనుంచి ఆ చెయ్యి కనబడుతోంది. మోచేతి దగ్గర చర్మం ముడతలుగా బిగిసి ఉంది. అంత దగ్గర నుంచి నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు.

"మరి ఇన్నేండ్ల సంది నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"నువ్వు ఊర్లున్నోళ్లందర్ని కూసోబెట్టి అడుగుతుంటివి గదరా," అంది. "ఒకనాడు నన్ను గూడ అడుగుతవేమో అనుకున్న."