అక్క చెయ్యి ఎందుకు దిగింది

ఆ అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుందామని ఆ రేకుల షెడ్డులోకి అడుగుపెట్టలేదు. స్నానం చేద్దామని వచ్చింది.

వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. సరుకు వేసుకుని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ప్రమాదమేమీ జరగలేదు. లారీ భద్రంగా తిరిగొచ్చింది, వేరే డ్రైవరు దాన్ని నడుపుకొచ్చాడు. తల్లి పరుగున వెళ్ళి అడిగితే అతను తల గోక్కున్నాడు.

"మధ్యలో దిగాడమ్మా. టీ తాగొస్తానన్నాడు. చాలాసేపు చూశాం."

ఇంతే. పోట్లాట లేదు, రోగం లేదు, ఇంకో సంసారం ఉన్నట్టు కూడా ఎవరూ చెప్పలేదు. మనిషి టీకి వెళ్ళి మాయమైతే ఏడవాలో, తిట్టాలో, ఎదురుచూడాలో తల్లీకూతుళ్ళకు అర్థం కాలేదు. ఆ తేల్చుకోలేనితనంలోనే కొన్నాళ్ళు గడిచాయి. అద్దె గది చేజారింది. తల్లికి ఒక లాండ్రీలో ఇస్త్రీ పని దొరికింది కానీ నిలువ నీడ దొరకలేదు. చీకటి పడితే ఇద్దరూ బస్ స్టేషన్‌లో ప్రయాణికుల హాలుకు చేరేవారు, ఒళ్ళో మూట పెట్టుకుని, ఎక్కడికో వెళ్ళేవాళ్ళలాగే.

"ఏ ఊరమ్మా?" అని కాపలావాడు అడిగితే తల్లి రోజుకో ఊరి పేరు చెప్పేది. "బస్సు తప్పిపోయిందండీ" అనేది. కొన్నాళ్ళకు అతనే ముందుగా పలకరించడం మొదలుపెట్టాడు.

"ఏమ్మా, ఇవాళ కూడా తప్పిపోయిందా?"

స్టేషన్ వెనక వీధిలో ఉందా షెడ్డు. లోపల ఒక రింగు, ఇనప గొలుసులకు వేలాడే నాలుగు గుద్దుడు సంచులు, మూలగా ఆడవాళ్ళకని రాసిన ఒక స్నానాల గది. అందులో కొళాయి ఉందని పిల్లకు తెలిసింది. ఒకరోజు చప్పుడు లేకుండా దూరి, తలారా స్నానం చేసి, తడిజుట్టుతో బయటికొస్తూ మాస్టారికి దొరికిపోయింది. మాస్టారంటే ఆ షెడ్డు యజమాని, ఒకప్పటి బాక్సరు. ఏనాడో విరిగిన ముక్కు వల్ల మెత్తగా మాట్లాడినా గద్దించినట్టే ఉండేది.

"ఎవరు నువ్వు? ఇక్కడేం చేస్తున్నావ్?"

నోటికొచ్చింది చెప్పింది. "ఊడుస్తానండీ."

"ఊడవమని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు. అయినా చీపురు తీసుకుని ఊడ్చేసింది. మర్నాడూ వచ్చింది. వద్దన్నా వచ్చింది. చివరికి మాస్టారు చేతులెత్తేశారు. "జిగురులా పట్టుకున్నావు కదే!" అన్నారు. అప్పటినుంచి ఆమె పేరు జిగురే. తర్వాత మైకులో పిలిచినప్పుడు కూడా అదే పేరు.

మాస్టారి కూతురు పొడగరి. జిగురు కంటే రెండు మూడేళ్ళు పెద్దది. షెడ్డులో ఆమెకు సమఉజ్జీగా ఇంకో ఆడపిల్ల లేదు. మగపిల్లలు కొడితే గట్టిగా కొట్టేవాళ్ళు, లేదా మొహమాటపడి అసలు కొట్టేవాళ్ళు కాదు. అందుకని ఒకరోజు ఊడ్చే పిల్ల చేతులకు గ్లౌజులు తొడిగారు. మొదటి దెబ్బ ముక్కు మీద పడింది. జిగురు కళ్ళనీళ్ళతో అలాగే నిలబడి అడిగింది.

"ఎందుకు కొట్టావక్కా? నేనేం చేశాను?"

షెడ్డంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. పొడగరి మాత్రం నవ్వలేదు.

"ఇక్కడ ఎందుకని అడగరే. ఎటునుంచి వస్తోందో చూసుకోవాలి."

ఆ మాట జిగురుకు బాగా నచ్చింది. ఎందుకని అడగక్కర్లేని చోటు ఒకటుందన్నమాట.

ఒక వానాకాలం సాయంత్రం, మేనత్తను బస్సెక్కించడానికి స్టేషన్‌కొచ్చిన పొడగరి ఆ తల్లీకూతుళ్ళను చూసింది. "ఏ ఊరెళ్తున్నారు?" అనడిగింది. తల్లి అలవాటుగా ఏదో ఊరి పేరు ఎత్తుకుంది. కూతురు అడ్డుపడింది.

"ఏ ఊరూ లేదక్కా."

అక్క మూట తన చంకన పెట్టుకుంది. మాస్టారి ఇంటి మేడ మీద పాత సామాన్లు వేసే గది ఉండేది. మాస్టారి భార్య మొదట గొణిగింది, తర్వాత సామాన్లు పక్కకు జరిపింది, ఆ తర్వాత భోజనాల దగ్గర మరో రెండు కంచాలు పెట్టింది. ఆమెను జిగురు పెద్దమ్మా అని పిలవసాగింది.

మాస్టారు నేర్పిన విద్యంతా జిగురుకు వచ్చింది, ఒక్క కోపం తప్ప.

"ఎవరిమీద కసి ఉందో వాళ్ళ మొహం ఈ సంచి మీద ఊహించుకుని కొట్టు" అనేవారాయన.

జిగురు నాన్నను ఊహించుకునేది. మీసం గుర్తొచ్చేది, మిగతా మొహం గుర్తొచ్చేది కాదు. మీసాన్ని కొట్టబోతుంటే, ఎక్కడికెళ్ళావు నాన్నా అని అడగాలనిపించి చెయ్యి ఆగిపోయేది.

"కోపం రావట్లేదు మాస్టారూ."

"మరేం వస్తోంది?"

"ఏమోనండీ. ఏదో వస్తోంది. ఏంటో తెలీట్లేదు."

మాస్టారు భార్య దగ్గర వాపోయారు. "దెబ్బకు దెయ్యం వదులుతుందంటారు. అసలు దీనికి పట్టిన దెయ్యమేదో నాకే అంతుపట్టడం లేదు."

అంతుపట్టని ఆ దెయ్యంతోనే జిగురు గెలుస్తూ పోయింది. చిన్న పోటీలు, పెద్ద పోటీలు, తర్వాత ప్రొఫెషనల్ కాంట్రాక్టు. బరిలోకి దిగేటప్పుడు మనసులో ఏముంటుందని ఒక విలేకరి అడిగితే, "స్టవ్ కట్టేశామో లేదోనని" అంది. అతను హాస్యమనుకున్నాడు. ఆమె నిజమే చెప్పింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. అక్కదీ తనదీ ఒకే బరువు విభాగం. ఇద్దరూ గెలుచుకుంటూ వెళ్తే ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. జాతీయ ఛాంపియన్ బెల్టు పోటీకి నిర్వాహకులు ఆ ఇద్దరి పేర్లే ప్రకటించారు.

మాస్టారి పరిస్థితి కక్కలేక మింగలేక అన్నట్టయింది. ఒకరు కన్నకూతురు, ఇంకొకరు చేతులారా తయారుచేసిన శిష్యురాలు. ఇద్దరికీ వేరే కోచ్‌లను చూసిపెట్టి, తాను టికెట్ కొనుక్కుని జనంలో కూర్చుంటానన్నారు. ఆడాలా వద్దా అని జిగురు వెళ్ళి తల్లిని అడిగింది.

తల్లి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినట్టుంటుందే. ఆలోచించుకో" అంది.

మర్నాడు పొద్దున జడ వేస్తూ మళ్ళీ ఆ తల్లే అంది. "కానీ ఓడిపోకు."

"అంటే ఏం చెయ్యాలమ్మా?"

"నాకేం తెలుసు? గుద్దులాట నీది."

అక్క మాటలో మాత్రం రెండర్థాలు లేవు. "నా మీద చెయ్యి ఆపావో, జన్మలో నీతో మాట్లాడను."

పోటీలో అక్కదే పైచెయ్యి. ఆమె చేతులు పొడవు, జిగురు దగ్గరికి రాలేకపోయింది. ఆట సగం దాటాక జిగురు కన్ను వాచి మూసుకుపోయింది. ఓడిపోతానని తెలిసి, చెప్పుకోకూడని ఒక ఊరట కూడా కలిగింది. సరిగ్గా అప్పుడు, ఎప్పుడూ దవడకు కాపు కాసే అక్క ఎడమ చెయ్యి, కిందికి దిగింది. జిగురు ఏమీ అనుకోలేదు. అనుకునే లోపే తన కుడిచెయ్యి ఆ దవడ మీదికి వెళ్ళిపోయింది.

అక్క కింద కూర్చుంది. పడలేదు, కూర్చుంది. రెఫరీ పదిదాకా లెక్కపెడుతున్నంతసేపూ జిగురునే చూసింది. ఒక మోకాలు ఎత్తింది. రెండోది ఎత్తలేదు.

హాలు దద్దరిల్లింది. ఎవరో నడుముకు బెల్టు కట్టారు. జిగురు జనంలో మాస్టారి కోసం వెతికింది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నారు. అది ఏడుపో సంతోషమో ఆ దూరం నుంచి తెలియలేదు.

దుస్తుల గదిలో అక్క దవడకు ఐసు పెట్టుకుని ఉంది.

"కావాలనే దించావా అక్కా?"

"తల దిమ్ముగా ఉందే. తర్వాత మాట్లాడదాం."

ఆ తర్వాత పోస్టర్లు వచ్చాయి, ప్రకటనలు వచ్చాయి, ఎత్తయిన భవనంలో సొంత ఇల్లు వచ్చింది. ఏ గదిలో కూర్చోవాలో తెలియక తల్లి అన్ని గదులూ తిరుగుతూ ఉండేది. జిగురుది ఇంకో రకం తిరుగుడు. ఆ పోటీ వీడియో ముందుకీ వెనక్కీ తిప్పి చూసేది. చెయ్యి దిగిన ఆ క్షణంలో అక్క కళ్ళు కనిపిస్తే చాలు, తేలిపోతుంది. కానీ కెమెరాకూ అక్క మొహానికీ మధ్య జిగురు తలే అడ్డంగా ఉంది.

మాస్టారిని అడిగింది. "దాని భుజం అంతకుముందే బరువెక్కిందమ్మా. నేను చూస్తూనే ఉన్నా" అన్నారు.

పెద్దమ్మను అడిగింది. "మా పిల్ల నిద్రలో కూడా ఆ చెయ్యి దించదు" అందామె.

ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. జిగురు మరో రెండుసార్లు బెల్టు నిలబెట్టుకుంది. జనం చప్పట్లు కొడుతున్నప్పుడల్లా, ఇవి తనవో, ఎవరో ఇచ్చినవో అన్న అనుమానం చెవిలో జోరీగలా రొద పెట్టేది.

చివరికి ఉండబట్టలేక షెడ్డుకు వెళ్ళింది. అక్క ఆట మానేసి అక్కడే ఆడపిల్లలకు నేర్పుతోంది. సంచి పట్టుకుని నిలబడి ఉన్న అక్కను పక్కకు లాక్కెళ్ళింది.

"ఈసారి చెప్పేదాకా వదలను."

"వదలవని తెలుసులే, పేరే జిగురు" అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ తెలీదే" అంది.

"అదేంటి? నీ చెయ్యే కదా!"

"నా చెయ్యే. భుజం లాగేస్తోంది, అది నిజం. నువ్వు గెలిస్తే బాగుండనిపించింది, అదీ నిజం. అంతకు ముందు రౌండులో నిన్ను చంపెయ్యాలనిపించింది, ఒట్టు! చూస్తే చెయ్యి కిందుంది. ఏది దించిందంటే ఏం చెప్పను?"

"మరి లేవచ్చు కదా?"

"లేద్దామనే మోకాలెత్తాను. రెండోది మాట వినలేదు. ఎందుకు వినలేదో దానికే తెలియాలి."

జిగురు రింగు అంచున కూలబడింది. ఇన్నేళ్ళూ అక్కకు తెలిసే దాస్తోందనుకుంది. దాచడానికి అక్క దగ్గర కూడా ఏమీ లేదని తెలిస్తే మనసు తేలికపడాలో, ఇంకా బరువెక్కాలో తెలియలేదు. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. అక్క మెడలోని తువ్వాలు తీసి ఆమె ఒళ్ళోకి విసిరింది.

"మొహం తుడుచుకో. పిల్లలు చూస్తున్నారు."

"వచ్చే పోటీకి నా మూలలో కోచ్‌గా నిలబడతావా అక్కా?"

"నీ మీద అరవమంటే ఎప్పుడైనా సిద్ధమే."

అన్నట్టే ఆ పోటీలో మొదటి గంట మోగినప్పటినుంచి చివరి గంట మోగేదాకా అక్క గొంతు చించుకుని అరిచింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు జిగురు గెలిచిందన్నారు, ఒకాయన ఓడిందన్నాడు.

దుస్తుల గదిలోకొచ్చాక జిగురు అంది. "ఆ మూడో ఆయన చెప్పిందే నిజమేమో అక్కా."

"అయ్యుండొచ్చు" అంది అక్క, ఆమె చేతికట్లు విప్పుతూ. "ముందు ఆ రెండో చెయ్యి ఇటివ్వు."