ఇంకా మస్తున్నది

మక్తల్‌లో నేను కిరాయికున్న ఇంటి అవ్వ నూనె ప్యాకెట్‌ను ఊరికే పారేసేది కాదు. కత్తెరతో చీల్చి, లోపలి జిడ్డునంతా చపాతీ పిండికి రుద్దుతూ "ఇంకా మస్తున్నది" అనేది. అయిపోయిందనుకున్న ప్రతి వస్తువు దగ్గరా ఆమెది అదే మాట.

ఒకసారి దవాఖాన ముందు సరుకుల అల్మారా పెట్టారు. ఉన్నవాళ్లు అందులో పెట్టాలి, లేనివాళ్లు తీసుకుపోవాలి. నేను పురుగు పట్టిన బియ్యాన్ని సంచిలో పోసుకుని, దానకర్ణుడి చెల్లెలిలా బయలుదేరాను. గడప దాటకముందే అవ్వ ఆపి, సంచిలోంచి పిడికెడు తీసి చూసింది.

"గివి నువ్వు తింటవా?"

"పురుగులున్నయి కదా అవ్వా!"

"మరి గాళ్లకు కండ్లు లేవా?"

సంచిని నా వంటింట్లోకి తెచ్చి, పురుగు బియ్యాన్ని నేల మీద గుమ్మరించి, నా డబ్బాలోని సన్నబియ్యంతో నింపింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె డబ్బాలోకి మళ్లీ తొంగిచూసి, "ఇంకా మస్తున్నది" అంటూ మరో రెండు గ్లాసులు పోసింది.

నేను దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి అవ్వ చేట ముందేసుకుని ఆ పురుగు బియ్యాన్నే చెరుగుతోంది. పక్కన రెండు గిన్నెలున్నాయి.

"ఒక్కదానివే ఎన్ని పొద్దులు తింటవ్ బిడ్డా?" అంది తలెత్తకుండానే. "సగం నేను తీసుకుంటున్న."