నిన్నటి చుక్క

ఆరేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడదు, బయటికి రాదు. నాకు స్నేహితులు లేరు. ఉంటే ఎప్పుడో ఒకరి దగ్గర నోరు జారేవాణ్ణి. అందుకే ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను కొత్తపట్నం దగ్గర ఒక మత్స్యకారుల పల్లెలో బడిపంతుల్ని. మిరప చేల మధ్య పుట్టినవాణ్ణి, సముద్రం గురించి ఒక్క ముక్క తెలియదు. ఒంటరి గది. సాయంత్రాలు తోచక, ఏ ఓడ ఎక్కడుందో చూపించే యాప్ ఒకటి ఫోన్లో పెట్టుకున్నాను. తెర మీద చుక్క కదులుతుంటే ఎవరో తోడున్నట్టు ఉండేది.

ఒకరోజు ముగ్గురు వెళ్లిన పడవ తిరిగి రాలేదు. అలాంటప్పుడు ఆ ఊళ్లో ఎవరూ వేటకు పోరు, పడవలన్నీ కలిసి వెతకడానికి వెళ్తాయి. పొద్దున్నే పడవలు నీళ్లలోకి తోయబోతూ పల్లె పెద్ద వీరాస్వామి నా దగ్గరికి వచ్చాడు.

“సారూ, కోస్టుగార్డోళ్ల గాలింపు ఓడ వస్తందన్నారు. మీ ఫోన్లో కనపడతందా?”

“వచ్చేసింది పెద్దాయనా. దక్షిణంగా, మనవాళ్లు వల వేసే చోటే ఉంది.”

“అయితే మనం అడ్డం పోవద్దురా! ఆగండి!” అని అందరినీ ఆపేశాడు.

అందరూ నా వైపు చూశారు. నిజం చెప్పాలంటే, గర్వంగా అనిపించింది.

మధ్యాహ్నం, చుక్క కింద సన్నటి అక్షరాలు చదివాను. ఓడ అక్కడ ఉన్నది నిన్న. అటుగా పోయిందంతే, ఆ తర్వాత సిగ్నలే లేదు. పడవలు ఇంకా ఒడ్డునే ఉన్నాయి. పరుగెత్తి చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఈపాటికి ఓడ వచ్చే ఉంటుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అంతమంది ముందు తప్పు ఒప్పుకోవడానికి నామోషీ పడి నాకు నేనే అలా నచ్చజెప్పుకున్నానా? తలుపేసుకుని గదిలో కూర్చున్నాను.

ఓడ రాలేదు. మర్నాడు పడవలే వెళ్లాయి. తిరగబడ్డ పడవను పట్టుకుని ఇద్దరు దొరికారు. మూడోవాడు శీనయ్య లేడు.

“నిన్న పొద్దుగూకేదాకా మాతోనే ఉన్నాడు” అన్నారు వాళ్లు.

ఊరంతా ఆ ఓడను తిట్టింది. నేనూ తిట్టాను.

ఆ ఏడే బదిలీ పెట్టుకుని మా మిరప ఊళ్ల వైపు వచ్చేశాను. మొన్న కాయ కోతలకు వచ్చిన కూలీల్లో శీనయ్య భార్య నాగరత్నం కనిపించింది. నన్ను గుర్తుపట్టి, చేలోంచి గట్టు మీదికి వచ్చి దండం పెట్టింది.

“ఆ రోజు మా ఆయన కోసం ఫోను పట్టుకుని కూచున్నారు సారూ. మర్చిపోలేదు” అంది.

తల ఊపాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమేనని తెలుసు. క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. కానీ ఈ ఒక్క వాక్యం ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. శీనయ్య ఇంకా బతికే ఉన్నప్పుడు, తప్పు తెలిసి కూడా, నేను నోరు మూసుకున్నాను.