మలుపులో లేని కంకర

ఆ వీధిలో అతన్ని అందరూ బండ్ల డాక్టరు అనేవారు. మోటారుసైకిలు షెడ్డులోకి రాగానే పానా పట్టేవాడు కాదు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు తాకించి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. అర నిమిషంలో రోగం చెప్పేవాడు. చెప్పింది తప్పిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అందుకే కాస్త గీర కూడా ఉండేది. వేరే షెడ్డులో బాగుచేసిన బండి తన దగ్గరికొస్తే, "ఎవడయ్యా దీనికి పోస్టుమార్టం చేసింది?" అని పదిమందీ వినేలా అడిగేవాడు.

షెడ్డు మీదే రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అతని భార్య కుట్టుమిషను. స్కూలు యూనిఫారాలు, చొక్కాలు, గౌన్లు కుట్టేది. గుడ్డ మీద సుద్దతో గీత గీసి పెద్ద కత్తెరతో ఒక్క ఊపున కత్తిరించేది. గీతకు అటూ ఇటూ దారమంత తేడా కూడా వచ్చేది కాదు. పిల్లలు లేరు. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయినా, ఇద్దరూ కలిసి ఊరు దాటింది పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప మరెందుకూ కాదు.

"మీరు బాగుచేసిన బండ్లన్నీ సముద్రం చూసొచ్చాయి. మన బండికే ఆ యోగం లేదా?" అని ఆమె ఒకరోజు అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ అతనికి ఎక్కడో గుచ్చుకుంది. వారం తిరక్కుండానే అయిదు రోజుల ప్రయాణం ఖాయం చేశాడు. కొండదారి పట్టి వెళ్తే రెండో రోజు సాయంత్రానికి సముద్రం ఒడ్డున దిగవచ్చు.

బయల్దేరే ముందురోజు, చేతిలో ఉన్న పనులన్నీ ముగించి, తన బండికి ఆయిలు మార్చాడు. ఇంజను అడుగున ఆయిలు దించే బోల్టుకు సన్నటి రాగి వాషరు ఉంటుంది. ఆయిలు మార్చినప్పుడల్లా కొత్తది వెయ్యాలి. డబ్బాలో చూస్తే అయిపోయాయి. పాతదే వేశాడు. పాతది కాబట్టి కాస్త ఎక్కువ బిగిద్దామని ఇంకో పావు చుట్టు తిప్పాడు. అంతవరకూ బిగుస్తూ వచ్చిన బోల్టు ఒక్కసారిగా మెత్తబడింది. ఇంజను అల్యూమినియంలో బోల్టును పట్టి ఉంచే మర తెగిపోయిందని చేతికి తెలిసిపోయింది.

కొత్తగా మర వేయించాలంటే ఇంజను దింపి లేతు షాపుకు పంపాలి. రెండు రోజుల పని. పైన ఆమె సంచులు సర్దుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. అతను బోల్టుకు కొళాయిలకు చుట్టే తెల్ల టేపు చుట్టి ఎక్కించాడు. పీట వేసుకుని పది నిమిషాలు చూశాడు. చుక్క పడలేదు. నిలుస్తుందిలే అనుకున్నాడు. ఇదే పని వేరేవాడు చేసి ఉంటే అడ్డమైన తిట్లూ తిట్టేవాడు.

మొదటి రోజు ప్రయాణం సాఫీగా సాగింది. రెండో రోజు పొద్దున పదిగంటలకు కొండ పైభాగంలో ఒక టీ కొట్టు దగ్గర ఆగారు. దిగి కాళ్ళు చాపుకుంటున్న ఆమే ముందు చూసింది.

"ఏమండీ, వెనక టైరు చూడండి. తడిసినట్టు మెరుస్తోందేమిటి?"

అతను వంగి చూశాడు. ఇంజను అడుగంతా నల్లటి జిడ్డు. గాలికి వెనక్కి కొట్టుకుపోయిన ఆయిలు టైరు ఎడమ పక్కంతా పూసుకుంది.

"ఏం లేదు, కాస్త చెమ్మ పట్టింది. కడిగితే పోతుంది" అన్నాడు.

కొట్టువాడిని అడిగి బకెట్టు నీళ్ళు, బట్టల సబ్బు, అరిగిన బ్రష్షు తెచ్చుకున్నాడు. టైరును మూడుసార్లు తోమాడు. పొడి మట్టితో రుద్ది మళ్ళీ కడిగాడు. టైరు శుభ్రమైంది. అసలు తంటా బోల్టు దగ్గర. టేపు పీలికలైపోయి ఉంది. బోల్టు వేళ్ళతో తిప్పితే తిరుగుతోంది. నానిన సబ్బును ముద్దచేసి దాని చుట్టూ కూరి, పైన గుడ్డ చుట్టి తీగతో బిగించాడు. పెట్రోలు ట్యాంకుకు సన్నటి చిల్లి పడితే సబ్బు కాసేపు ఆపుతుంది. కాగిన ఇంజను దగ్గర అది కరిగిపోతుంది. ఆ సంగతి అతనికి తెలియక కాదు.

పక్కన టీ తాగుతున్న లారీ డ్రైవరు ఇదంతా చూస్తున్నాడు. "కింద ఊరు ఇరవై కిలోమీటర్లన్నా. అన్నీ మలుపులే. నా లారీ ఖాళీగానే వెళ్తోంది, బండి ఎక్కించేద్దాం. అక్క ముందు సీట్లో కూర్చుంటుంది" అన్నాడు.

"వెళ్దామండీ" అంది ఆమె.

"నేనే మెకానిక్కుని, తమ్ముడూ. నా బండిని నేనే లారీ ఎక్కిస్తే ఇంక నా పరువేం కాను?" అని అతను నవ్వేశాడు.

ఆమె హెల్మెట్టు బకిలు పెట్టుకుంటూ, "కారడం ఆగిపోయిందా?" అని అడిగింది.

"ఆగిపోయింది. ఎక్కు."

ఎనిమిది కిలోమీటర్లు దిగారు. అక్కడ రోడ్డు పని జరుగుతోంది. ఒక పక్క కంకర కుప్ప, నారింజరంగు చొక్కాల పనివాళ్ళు నలుగురైదుగురు. వాళ్ళను దాటగానే ఎడమకు మలుపు. అతను బండిని ఎడమకు వంచాడు. వెనక చక్రం కింద నేల లేనట్టయింది. బ్రేకు మీదికి కాలు వెళ్ళేలోపే బండి పక్కకు పడి గీసుకుంటూ పోయింది. అతని మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి. ఆమె మలుపు అంచున పాతిన రాతికి వెళ్ళి కొట్టుకుంది. కుడి భుజం ముందు తగిలింది.

పనివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ మేస్త్రి, అతని ఈడువాడే, "ఎవరూ లాగకండి, మెడ కదిలించకండి" అని అరిచాడు. టార్పాలిన్ మీదికి ఆమెను మెల్లగా జరిపించి, వాళ్ళ పని బండిలోనే పడుకోబెట్టించాడు. కింద ఆసుపత్రి చేరేదాకా ఆమె తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా, "అయిపోయిందమ్మా, వచ్చేశాం" అనేవాడు. బండ్ల డాక్టరు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని ఉన్నాడు. రెండోది ఎక్కడ పడిందో తెలియదు.

మధ్యాహ్నం హెడ్డు కానిస్టేబులు వచ్చి పుస్తకం తెరిచాడు. "ఎలా జరిగింది?"

అతని కళ్ళ ముందు కంకర కుప్ప మెదిలింది. "కంకరండీ. మలుపులో కంకర ఉంది. చక్రం జారింది" అన్నాడు. మాట బయటికొచ్చాక అదే నిజమైనట్టు అనిపించింది. సంతకం పెట్టాడు.

ఆమె ప్రాణానికి ముప్పు తప్పింది. మూడో రోజు పెద్ద డాక్టరు అసలు మాట చెప్పాడు. భుజంలో నరాలు మూలం దగ్గరే తెగిపోయాయి. చెయ్యి ఉంటుంది గానీ పనిచెయ్యదు. అతను ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో తెలియక వరండాలో అటూ ఇటూ తిరిగాడు. లోపలికి వెళ్ళేసరికి ఆమె ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, వదిలి చూసుకుంటోంది. వదిలిన వేలు వదిలినట్టే పడిపోతోంది.

"కత్తెర పట్టుకోలేను కదూ?" అంది.

ఆమె తమ్ముడు వచ్చాడు. ఆఫీసులో గుమాస్తా, అర్జీలు రాయడంలో చెయ్యి తిరిగినవాడు. అక్కను చూసి ఏడ్చి, బయటికొచ్చి బావను పట్టుకుని మళ్ళీ ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

"రోడ్డు మీద కంకర వదిలేసినవాణ్ణి ఊరికే వదిలిపెట్టను బావా. నువ్వేం దిగులు పెట్టుకోకు. అంతా నేను చూసుకుంటా."

"ఇప్పుడవన్నీ ఎందుకురా?" అన్నాడు అతను.

"ఎందుకేమిటి? అక్క చెయ్యి పోయింది!"

బావమరిది నాలుగు పేజీల ఫిర్యాదు రాసి రోడ్ల ఆఫీసుకూ పోలీసులకూ ఇచ్చాడు.

పదకొండో రోజు ఆసుపత్రి వరండాలోకి రోడ్డు మేస్త్రి వచ్చాడు. చేతిలో నారింజపళ్ళ సంచి. ఆ రోజు వేసుకున్న చొక్కా కాదు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా.

"అమ్మకెలా ఉంది?"

"ప్రాణం నిలిచింది. చెయ్యి రాదన్నారు."

మేస్త్రి సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "అన్నా, నా మీద రాసిచ్చారట. నిన్న పని మాన్పించేశారు. మలుపులో కంకర లేదన్నా. ఆ పొద్దున చీపురు పట్టి నేనే ఊడ్చాను."

మేస్త్రి ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"మీ బండిని నిలబెట్టింది మావాళ్ళే. కింద ఆయిలు కారుతోంది. టైరంతా ఆయిలే. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. పాపం, భార్య అలా పడుంది కదా, మీరే చెప్తారులే అనుకున్నాను."

గొంతు పెంచలేదు. సంచి బెంచీ మీద పెట్టి, "అమ్మకివ్వండి" అని వెళ్ళిపోయాడు.

ఆ సంచి పట్టుకుని అతను లోపలికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. ఆమె విందని ముఖం చూడగానే తెలిసింది. మంచం పక్కన కూర్చున్నాడు.

"కంకర లేదు" అన్నాడు.

"తెలుసు."

"బోల్టు మర ముందురోజే పోయింది. నా చేత్తో నేనే పాడుచేశాను. టీ కొట్టు దగ్గర ఆగిపోయిందని చెప్పింది అబద్ధం."

"అదీ తెలుసు. కొట్టు దగ్గర బయల్దేరేముందు బండి కింద చూశాను. కడిగిన నేల మీద రెండు చుక్కలు కొత్తగా పడ్డాయి."

అతను తలెత్తాడు. "మరి చెప్పలేదేం?"

"విసుక్కుంటారని" అంది ఆమె. "ఇరవై నాలుగేళ్ళలో బండి సంగతి నేను చెప్పినదెప్పుడైనా విన్నారా?" అంది.

అతను ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. కిటికీ వైపు ముఖం తిప్పుకుని, "ఆ మనిషి నా తల పట్టుకుని కూర్చున్నాడండీ. చేతులు తిమ్మిరెక్కాయేమో, వణికాయి గానీ వదల్లేదు. పోయి చెప్పిరండి" అంది.

ఆ రోజే స్టేషనుకు వెళ్ళాడు. హెడ్డు కానిస్టేబులు విని మండిపడ్డాడు. "ఇన్ని రోజులు గాడిదలు కాస్తున్నావా? పోలీసులంటే ఆటగా ఉందా?" అన్నాడు. చివరికి మళ్ళీ రాసుకున్నాడు. రోడ్ల ఆఫీసులో కాగితం తీసుకుని, విచారిస్తాం అన్నారు. విచారించి మేస్త్రి తప్పు లేదని తేల్చేసరికి నెలన్నర పట్టింది. అప్పటికే మేస్త్రి స్థానంలో కాంట్రాక్టరు వేరేవాణ్ణి పెట్టుకున్నాడు. పాతవాణ్ణి తిరిగి తీసుకోలేదు.

బావమరిది సంగతి విని తెల్లబోయాడు. "నాచేత అబద్ధం రాయించావా బావా? నా అక్కను నువ్వే..." అని మాట పూర్తిచెయ్యకుండా లేచిపోయాడు. ఆ తర్వాత అక్కను చూడటానికి వస్తే, షెడ్డులోంచి కాక వెనక మెట్లమీంచి ఎక్కుతున్నాడు.

వీధికి కూడా తెలిసింది. కొందరు జాలిపడ్డారు. కొందరు బండ్లు వేరే షెడ్డుకు మళ్ళించారు. "డాక్టరూ" అని పిలిచేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, ఆ పిలుపు చివర ఒక నవ్వు అంటుకుని ఉంటుంది. అతను వింటాడు, పని చేసుకుంటాడు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోవడం మానేశాడు.

ఆమె ఎడమచేత్తో కుట్టాలని నాలుగు నెలలు ప్రయత్నించింది. మిషను నడుస్తుంది, గుడ్డను పట్టి మళ్ళించేందుకు రెండో చెయ్యి కావాలి. కత్తిరించిన ప్రతి ముక్కా వంకర పోయింది. మిగిలిన గుడ్డలన్నీ మడిచి, ఎవరివి వాళ్ళకు ఇప్పించేసింది. ఒకావిడ, "కొలతలు మీ దగ్గరే ఉన్నాయి కదమ్మా" అంటే, ఆ పుస్తకం కూడా ఇచ్చేసింది. ఇప్పుడు అతను పొద్దున్నే లేచి వంట చేసి, ఆమెకు జడ వేసి, రవిక హుక్కులు పెట్టి కిందికి దిగుతాడు. ఆమె కావలసింది అడుగుతుంది, అడిగింది అతను చేస్తాడు. ఇంట్లో గొడవల్లేవు. నవ్వులూ లేవు.

ఏడాది తిరిగాక అతను బస్సెక్కి రోడ్డు మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్ళాడు. రోజంతా నలుగురైదుగురిని అడిగితే ఒక గోడౌను గేటు దగ్గర కనిపించాడు. కాపలా పని. ప్లాస్టిక్ కుర్చీ, పక్కన ఒక రిజిస్టరు. మనిషి చిక్కిపోయాడు. డాక్టరును చూసి గుర్తుపట్టి, లేచి కుర్చీ ఇచ్చాడు.

"తప్పు చేశానన్నా" అన్నాడు డాక్టరు, నిలబడే.

మేస్త్రి గేటు వైపు చూశాడు. ఒక లారీ వస్తే తలుపు తీసి, నంబరు రాసుకుని, తలుపు వేసి వచ్చాడు. "అమ్మ ఎలా ఉంది?" అని అడిగాడు. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. తను తాగలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక తీసుకుని కడిగి బోర్లించాడు. "బస్సు నాలుగింటికి ఉంది. అది దాటితే మళ్ళీ లేదు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె మెట్లమీద కూర్చుని ఉంది.

"కనిపించాడా?"

"కనిపించాడు."

"ఏమన్నాడు?"

"నువ్వెలా ఉన్నావని అడిగాడు. టీ ఇచ్చాడు."

"ఇంకా?"

"ఇంకేమీ అనలేదు."

ఆమె తల ఊపింది. ఒళ్ళోంచి జారిపోతున్న కుడిచేతిని ఎడమచేత్తో పైకి తీసి పెట్టుకుంది. అతను లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాడు.