పెదవికి కాపలా

మా మరదలు ఒకసారి ఓ మనిషి నాలుకను మూడు గంటలపాటు చూపుతోనే కట్టేసింది. చూపుతోనే అంటే కాస్త ఎక్కువ చెప్పినట్టే. చేతిలో చెక్క స్కేలు కూడా ఉంది. ఆ స్కేలు మహిమ ఏమిటో కాన్వెంటులో చదివిన నాకు బాగా తెలుసు.

ఆమె చర్మవ్యాధుల వార్డులో పెద్ద నర్సు. నా భార్యకు చెల్లెలు, నాకు జన్మశత్రువు. ముప్ఫై ఏళ్లలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా డ్యూటీకి వెళ్లలేదు, ఒక్కరోజు కూడా నా మాట నమ్మలేదు.

ఆ వార్డుకు ట్రంపెట్ వాయించే పెద్దాయన ఒకరు వచ్చారు. కింది పెదవి మీద గరుకుగా ఓ మచ్చ. వదిలేస్తే క్యాన్సర్ కావచ్చు. కోసేస్తే మచ్చతోపాటు పెదవి బిగువూ పోతుంది. ఇక ట్రంపెట్ గోడకు తగిలించాల్సిందే. మిగిలింది వెలుగు వైద్యం. ముందు చెడ్డ కణాల్లోకి మందు పట్టించాలి. తర్వాత ఎర్రదీపం వేస్తే, ఆ వెలుగుకు మందు మేలుకొని వాటి పని పడుతుంది.

మందులు రెండు రకాలు. సూదిమందు ఒళ్లంతా పాకుతుంది. నెలన్నరపాటు ఎండ పొడ తగలకూడదు. పూతమందు పూసినచోటే ఉంటుంది. రెండు రోజుల జాగ్రత్త చాలు. ఐదు వారాల్లో మైదానంలో బ్యాండు పోటీ, అదీ పట్టపగలు. పన్నెండేళ్లుగా రెండో బహుమతితో సరిపెట్టుకుంటున్న జట్టు ఆయనది. పూతమందే మేలంది మా మరదలు. డాక్టరు సరేనన్నాడు.

మందు పూసి, వెలుగు తగలకుండా కట్టు కట్టి, మూడు గంటలు కూర్చోబెట్టారు. తర్వాత కట్టు విప్పి నీలిదీపం కింద చూశారు. మందు పట్టి ఉంటే మచ్చ గులాబీరంగులో మెరవాలి. మెరవలేదు. ఇక సూదిమందే గతి అన్నాడు డాక్టరు.

పెద్దాయన ముఖం వాడిపోయింది. అలవాటుగా పెదవి తడుపుకున్నారు. మా మరదలి కంట పడింది అదే. ఊదబోయే ముందు పెదవి తడుపుకోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. కట్టు కింద కూడా ఆగలేదు. పూసిన మందంతా నాకేశారు.

“తప్పు మందుది కాదు డాక్టరుగారూ, నాలుకది. రేపు ఇంకొక్కసారి పూద్దాం. కాపలా నేనుంటాను,” అంది.

మర్నాడు పెదవి లోపల దూదిచుట్టలు పెట్టి, మందు పూసి, కట్టు కట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుంది. కట్టు కాస్త కదిలితే చాలు, స్కేలుతో బల్ల మీద ఒక్కటి. గంట గడిచాక ఆయన కాగితం మీద రాసి చూపించారు: “మీ ఆయన ఎలా బతుకుతున్నాడమ్మా?”

“ఆయన పెదవి కదపడు బాబాయ్.”

ఈసారి నీలిదీపం కింద మచ్చ గులాబీరంగులో భగ్గుమంది. డాక్టరు ఎర్రదీపం వేశాడు. ఆ వెలుగు పెట్టే మంటకు పెద్దాయన మా మరదలి చెయ్యి పట్టుకుని, దీపం ఆరేదాకా వదల్లేదు. పెదవి వాచింది, పక్కు కట్టింది, మూడు వారాలకు పక్కు రాలి లేత చర్మం వచ్చింది.

పోటీలో ఆయన అందుకున్న ఆఖరి స్వరానికి న్యాయనిర్ణేతల కళ్లజోళ్లు పగిలాయి. మొదటి బహుమతి! జట్టంతా కప్పుతో తిన్నగా ఆసుపత్రికి వచ్చి, వార్డు కిటికీల కింద నిలబడి మళ్లీ వాయించింది. లేవలేమన్న రోగులు కూడా లేచి కూర్చున్నారు. మా మరదలు కిటికీలన్నీ బార్లా తెరిచి, కళ్లు తుడుచుకుంది.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. ఉతికిన బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా విన్నది.

“స్కేలు లేదు, కాగితం లేదు, నేను ఏడవలేదు. అసలిదేదీ జరగలేదు బావా,” అంది.