మరిపించిన తాళం

వీధి చివర కారు తాళాల షాపాయన నోటికి అడ్డూ ఆపూ లేదు. తాళం పోగొట్టుకొచ్చినవాళ్లని ముందు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, ఆ తర్వాతే కుర్చీ వేసేవాడు. "పోయిన తాళాన్ని కారు చేత మరిపించాలయ్యా! లేదంటే అది దొరికినవాడిదే కారు" అనేవాడు. ఇరవై ఏళ్లుగా ఇదే పాట.

మరి తన సంగతో? పడవ మునిగి భార్య చనిపోయి రెండేళ్లయింది. ఆవిడ చేతిసంచీ నీళ్లలోనే పోయింది. వాళ్ల కారు రెండో తాళం అందులోనే ఉంది. దాన్ని మాత్రం ఆయన మరిపించలేదు. మనసు రాలేదు, అంతే.

ఈమధ్య రోజూ సాయంత్రం నాలుగింటికి, షాపు ముందున్న ఆ కారు టక్కుమని తెరుచుకుంటోంది.

చూసినవాళ్లకి అదో వింత. పని తెలిసిన ఆయనకి మాత్రం ఒళ్లు జలదరించేది. అది తాళం తిప్పే కారు కాదు, జేబులో ఉంటే చాలు. ముందు హ్యాండిల్ మీద చెయ్యి పడాలి. పడగానే కారు "ఎవరూ?" అని మన చెవికి అందకుండా సన్నగా పిలుస్తుంది. ఆ పిలుపు బారెడు దూరం కూడా దాటదు. జేబులో ఉన్న తాళం "నేనే" అంటూ ప్రతిసారీ ఓ కొత్త గుర్తు చెబుతుంది. అది సరిపోతేనే తలుపు తెరుచుకునేది. ఆయన తాళమేమో షాపులో, ఆ పిలుపు అందని ఇనప డబ్బాలో ఉంది. మరి ఆ చెయ్యెవరిది? ఆ బదులెవరిది?

భయమే, కాదనలేం. అయినా నాలుగు కాకముందే టీ గ్లాసు పక్కన పెట్టేసి గుమ్మంలోకొచ్చి నిలబడేవాడు.

కూతురు ఊరుకోలేదు. "నాన్నా, అమ్మ తాళం ఎవడికో దొరికింది. రేపు కారెత్తుకుపోతాడు. అందరికీ చెప్తావు కదా, నువ్వెందుకు చెయ్యవు?"

"చేస్తాలేమ్మా."

"ఇప్పుడే చెయ్యి. నేనిక్కడే కూర్చుంటా."

ఇంకేమంటాడు? మెషీను తెచ్చి కారుకి తగిలించాడు. మనదగ్గరున్న తాళాలన్నీ కారుకి చూపించాలి. చూపించనిదాన్ని అది మర్చిపోతుంది. ఆయన దగ్గరున్నది ఒక్కటే. చూపించాడు. మెషీను తెర మీద తాళాల లెక్క రెండు పోయి ఒకటొచ్చింది. తాళం జేబులో వేసుకుని కుర్చీలో కూలబడి ఏడ్చాడు.

నాలుగైంది. టక్కుమనలేదు.

ఆవిడ కూర్చునే వైపు హ్యాండిల్ మాత్రం కదిలింది. ఆగి, మళ్లీ కదిలింది. గాలి లేదు. వీధిలో నరపురుగు లేదు. ఎవరో లాగి లాగి చూస్తున్నారు, తలుపు రావడం లేదు.

"నాన్నా, ఏంటది?" కూతురు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. విదిలించుకుని పరిగెత్తాడు. తలుపు బార్లా తీసి పక్కకి జరిగాడు.

"తప్పయిపోయిందే" అన్నాడు. "ఎక్కు."